స్థిర ఐపీ చిరునామా

నెట్‌వర్క్ పరికరానికి నిర్వాహకుడు స్వయంగా కేటాయించే, రీస్టార్ట్ చేసినా మారని చిరునామా. 1993లో డీహెచ్‌సీపీ వచ్చాక చిరునామాలు వాటంతటవే అందుతున్నా, రౌటర్లు, స్విచ్‌లు, ప్రింటర్లకు ఇప్పటికీ ఇదే తగినది. మిగతా యంత్రాలు వాటిని వెతుక్కుంటూ రావాలి కదా.

చిరునామాతోపాటు సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే కూడా ఇవ్వాలి. మాస్క్ 255.255.255.0 అయితే 192.168.1.10 ఉన్న స్విచ్‌కి 192.168.1తో మొదలయ్యేవే ఇరుగుపొరుగు. గేట్‌వే ఇవ్వని స్విచ్ పక్క కంప్యూటర్‌కు చక్కగా పలుకుతుంది, వేరే నెట్‌వర్క్ నుంచి పిలిస్తే జవాబివ్వదు. లేయర్ 2 స్విచ్‌లో చిరునామాను సాధారణంగా వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌కు ఇస్తారు. అది నిర్వహణకే, ఫ్రేములను మళ్లించడానికి అక్కర్లేదు.

ఎంచుకున్న చిరునామా డీహెచ్‌సీపీ పంచే పరిధికి బయట ఉండాలి. లేకుంటే అదే మరో యంత్రానికీ దక్కి, రెండింటి కనెక్షనూ తెగుతూ ఉంటుంది. సిస్కో స్విచ్‌లలో మార్పులను స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లో భద్రపరచకపోతే కరెంటు పోగానే చెరిగిపోతాయి.