రోగానికి టోపీ

దేశంలో తొలి కరోనా కేసు 2020 జనవరి 30న కేరళలో తేలింది. వూహాన్ నుంచి వచ్చిన విద్యార్థికి. తెలంగాణలో మార్చి 2న, దుబాయి వెళ్లొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి. వాళ్ల మతమేదని ఎవరూ అడగలేదు.

మార్చి 30న, నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. తెల్లారేసరికి రోగానికి గడ్డం మొలిచింది, టోపీ వచ్చింది. అంటువ్యాధి వేళ అంత గుంపు కూడకూడదు, నిజమే. వరంగల్ మండిబజార్‌లో పండ్లమ్ముకునే మా మామూ ఢిల్లీ మొహమే ఎరగడు. ఏళ్లనాటి గిరాకీలు ఆయన బండి దాటి పోయారు. ఆ రంజాన్‌లో మసీదుకు తాళం. తరావీ ఇంట్లోనే చదువుకున్నాం.

ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగీ విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారంది. ఆ వార్త మామూ నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. మర్నాడు మళ్లీ బండి తోసుకుపోయాడు. పాత గిరాకీల్లో కొందరే వచ్చారు.