ఆకాశంలో అంతస్తులు

ఆకాశంలో దారులేమిటి అనుకుంటాం కదూ! ఉన్నాయమ్మా, మేడలో అంతస్తుల్లా ఒకదానిపైన ఒకటి.

1996 నవంబరు 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం 14,000 అడుగుల ఎత్తు దాటకూడదు. దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి. అది ఆగలేదు, ఇంకా కిందికి దిగింది. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేదేగాని, ఎంత ఎత్తున ఉందో చూపేది కాదు. హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండూ ఢీకొని, ఉన్న 349 మందీ మరణించారు. పొట్టచేత పట్టుకుని సౌదీ బయలుదేరిన మన కూలీలెందరో అందులో ఉన్నారు.

ఆ తర్వాతే మనదేశం విమానాల్లో ‘టీకాస్’ పరికరాన్ని తప్పనిసరి చేసింది. రెండు విమానాలు దగ్గరపడితే, ఆ పరికరాలే ఒకదానితో ఒకటి సంకేతాలు పంపుకుని, ఒక పైలటును పైకెక్కమనీ, రెండో పైలటును కిందికి దిగమనీ హెచ్చరిస్తాయి.

‘క్షేమంగా దిగామమ్మా’ అని పిల్లలు ఫోను చేసినప్పుడు, ఆ 349 మందినీ ఒక్కసారి తలుచుకుందాం.