ఆర్థరురాజు ఏ భాష మాటలాడెను?



కథకు కాళ్ళును ముంతకు చెవులును లేవని మన పెద్దల సామెత. కల్పితకథను తర్కింపరాదని దాని భావము. అయినను కొన్ని కథలను తర్కించినచో చరిత్రము బయల్పడును. అట్టి కథ నొకదానిని నేడు విన్నవించెదను.

అమెరికాదేశపు హాస్యరచయితలలో అగ్రగణ్యుడైన మార్క్ ట్వేయిన్ 1889వ సంవత్సరమున ఒక నవలను ప్రకటించెను. కనెక్టికట్ వాసియు, ఆయుధముల కర్మాగారమున మేస్త్రీయు నగు హాంక్ మోర్గన్ తలపై దెబ్బ తగిలి మూర్ఛిల్లి, కన్ను తెరచునప్పటికి క్రీ.శ. 528లో ఆర్థరురాజు ఏలుబడిలో నుండును. అతనిని సజీవముగా దహింపబోవగా, సూర్యగ్రహణము రానున్నదని యెరిగినవాడగుటచే, సూర్యుని ఆర్పివేసెదనని బెదరించి ప్రాణము దక్కించుకొని, మంత్రిపదవిని సైతము సంపాదించును.

ఇచ్చట ఒక ప్రశ్న. ఆ బెదరింపును అతడు ఏ భాషలో పలికెను? నవలలో అందరిదియు ఇంగ్లీషే. రాజసభవారి పలుకు కొంత ప్రాతది, ఇతనిది క్రొత్తది, అంతియే భేదము. ఆ ప్రాతపలుకు 1485లో కాక్స్టన్ అచ్చువేసిన మాలరీ గ్రంథపు భాషను పోలినది. అనగా కథాకాలమునకు తొమ్మిదివందల యేండ్లకు పైగా తరువాతిది.

చరిత్రము వేరు. బ్రిటను ద్వీపమున రోమనుల పాలన 410 ప్రాంతమున ముగిసెను. అచ్చటి బ్రిటనుల వాడుకభాష నేటి వెల్షుభాషకు తల్లి. విద్వాంసుల వ్రాత లాటినున సాగెను. ఇంగ్లీషునకు మూలమైన భాషను సముద్రము దాటి వచ్చిన ఆంగ్లులును సాక్సనులును తెచ్చిరి. ఆర్థరు నిజముగా జీవించెనో లేదో చరిత్రకారులు తేల్చలేదు. ప్రాతగాథలు మాత్రము అతనిని సాక్సనులతో పోరిన వీరునిగా కీర్తించును. కావున ఏ జాతిని ఎదిర్చెనో ఆ జాతి భాషనే కథ అతనిచే పలికించినది!

మన కడప జిల్లాలోని కలమళ్ళ శాసనము రమారమి ఆ శతాబ్దమునాటిదే. దానిని 575 ప్రాంతపుదని చెప్పుదురు. అది తెలుగే. అయినను పండితుల సాయము లేక నేడు మనకు బోధపడదు. స్వభాషయే ఇట్లుండగా, పరభాష మాట చెప్పనేల?

కథలో మరి రెండు పొసగని విషయములు కలవు. గ్రహణము పట్టినదని చెప్పిన 528 జూన్ 21వ తేదీన గణితముచే గ్రహణము లేదు. అందలి వీరులు తొడిగిన నిలువెత్తు ఉక్కుకవచములు 14, 15 శతాబ్దములవి.

ట్వేయిన్ తెలియక ఇట్లు వ్రాయలేదు. తాను వర్ణించిన ఆచారములు ఆరవ శతాబ్దమున నుండెనని చెప్పజాలనని పీఠికలో తానే సూచించెను. రాజదర్పమును, బానిసత్వమును పరిహసించుట అతని యుద్దేశము. మారువేషమున తిరుగుచున్న రాజే బానిసగా అమ్ముడుపోవు ఘట్టము అందులకే వ్రాసినది. భాషాభేదమును యథార్థముగా చూపియుండినచో, బెదరింపు ఎవరికిని తెలియక, హాంక్ చితిపైననే కథ ముగిసియుండును. కావున ఆ లోపము హాస్యమునకై బుద్ధిపూర్వకముగా వేసిన వంతెన.

అయితే, వంతెనను చూచి నదియే లేదని బాలురు భ్రమింపరాదు. భాష మారుననియు, ఒక నేలపై పలుజాతులు వచ్చి నిలిచిననియు వారికి తెలియవలెను. కథ చెప్పిన పిమ్మట, "వీరు నిజముగా ఏ భాష మాటలాడిరి?" అని వారిని అడుగుడు. మీ గ్రామములందు అక్షరములున్న ప్రాతరాయి కనబడినచో దానిపై సున్నము పూయకుడు, గడపగా వేయకుడు. పూర్వుల నోటిమాట మనకు మిగిలినది అచ్చటనే.