ఎడ్ల బండలాగుడు పోటీలు: జతల అర్హత, తోలకం, కొలత

ఒక కాడికి కట్టిన రెండు గిత్తలు, చెప్పిన బరువున్న రాతి బండను, చెప్పిన గడువులో ఎంత దూరం లాగగలవో తేల్చే పోటీ ఎడ్ల బండలాగుడు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లోని పత్తి, మిరప, పొగాకు పల్లెలు దీనికి కేంద్రం. సంక్రాంతికి, మహాశివరాత్రికి, ఊరి తిరునాళ్లకు, శ్రీరామనవమికి వీటిని జరుపుతారు. కృష్ణా, కర్నూలు, కడప ప్రాంతాల్లోనూ, తెలంగాణలో నల్లగొండ వైపునా ఇవి ఉన్నాయి. ఇది పరుగు పందెం కాదు. ఒక్కో జత ఒంటరిగా బరిలోకి దిగుతుంది. దాని పోటీ గడియారంతోనూ టేపుతోనూ. ఫలితాన్ని అడుగుల్లో, అంగుళాల్లో ప్రకటిస్తారు.

పూర్వ చరిత్ర

దక్కను పీఠభూమిలో పశుపోషణ చాలా పాతది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వించిన బూడిద దిబ్బలు నవీన శిలాయుగపు పశువుల దొడ్ల అవశేషాలని తేలింది. అమరావతి శిల్పాల్లో మూపురం ఎద్దులు కనిపిస్తాయి. ఆ తరువాతి వేయి సంవత్సరాలకు పైగా కాలంలో ఎద్దు నాగలి లాగింది, బండి లాగింది, గుడి ముందు నందిగా కూర్చుంది.

ఒంగోలు జాతి, దాని గ్రంథాలు

పందెపు బరిలో కనిపించే గిత్తల్లో అత్యధికం ఒంగోలు జాతివి. గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు నదుల నడుమ నేల ఈ జాతికి పుట్టిల్లు. తెల్లని ఒళ్లు, పొట్టి కొమ్ములు, ఎత్తైన మూపురం, మెడ కింద వేలాడే గంగడోలు, నల్లని తోకకుచ్చు దీని గుర్తులు. మగవాటికి మెడ, మూపురం దగ్గర ముదురు బూడిద రంగు తేలుతుంది. ఎదిగిన గిత్త అయిదారు వందల కిలోలు తూగుతుంది. నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే రాయి. ఆ నేలలో లోతుగా మడక దున్నడానికి, గుంటక తోలడానికి చిన్న జాతి ఎద్దు సరిపోదు. బరువును నిదానంగా, ఆగకుండా లాగే ఈ జాతి గుణం ఆ నేలలో పని చేసీ చేసీ రాటుదేలినదే.

1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే 19వ శతాబ్దపు రచనల్లో ఈ పశువులు నెల్లూరు జాతిగానే కనిపిస్తాయి. జాన్ బాస్వెల్ 1873లో వెలువరించిన నెల్లూరు జిల్లా మాన్యువల్ వీటిని శ్రద్ధగా వర్ణించిన తొలి గ్రంథాల్లో ఒకటి. 1909లో గన్, 1936లో లిటిల్‌వుడ్ దక్షిణ భారత పశువుల మీద రాసిన పుస్తకాలు నేటికీ పరిశోధకులకు దారి చూపుతున్నాయి. కొలతలు, రంగు, నడక, మేత అన్నీ వాటిలో ఉన్నాయి.

ఈ కాలంలోనే జాతి సముద్రం దాటింది. 1878లో బ్రెజిల్‌కు చెందిన మనోయెల్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఒక జతను చూసి కొని తన దేశానికి తీసుకుపోయాడు. తరువాతి దశాబ్దాల్లో ఓడల మీద మరెన్నో వెళ్లాయి. చివరి పెద్ద దిగుమతులు 1960, 1962లలో జరిగాయి. ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరు పెట్టుకున్న 'కర్వాది' అనే ఆబోతు ఆ కాలంలోనే వెళ్లింది. టోరెస్ ఓమెమ్ రోడ్రిగెస్ ద కున్యా మందలో అది ఎన్నో వంశాలకు మూలపురుషుడైంది. తాజ్ మహల్, గోదావరి అనే పేర్లు గల ఆబోతులూ బ్రెజిల్ వంశావళి పుస్తకాల్లో ఉన్నాయి. నెలోరె పేరుతో స్థిరపడిన ఆ సంతతే నేటి బ్రెజిల్ మాంసపు మందలకు ఆధారం. వియాటినా-19 అనే నెలోరె ఆవు ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాని బరువు 1,101 కిలోలు. ఇండోనేసియాలోని సుంబా దీవిలోనూ ఒంగోలు సంతతి ఉంది. బ్రెజిల్ వారు ఈ జాతిని మాంసానికి పెంచారు. దాని లాగుడు బలానికి విలువ కట్టిన చోటు మాత్రం పుట్టింటి పల్లెలే.

పొలం నుంచి బరికి

నాగార్జునసాగర్ ఆనకట్ట నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం మెట్టపొలాల తీరు మారింది. పత్తి, మిరప పెరిగాయి. రైతు చేతిలో డబ్బు తిరిగింది. ఆ డబ్బుతో ట్రాక్టరూ వచ్చింది. తొలకరికి అరకలు కట్టే ఇళ్లు ఒక్కొక్కటే తగ్గాయి. కోటప్పకొండ తిరునాళ్లకు వెదురు బొంగులతో ఆకాశమెత్తు కట్టే ప్రభలను ఒకప్పుడు ఎడ్లే లాక్కు వచ్చేవి. ఇప్పుడు పెద్ద ప్రభలకు యంత్రాల సాయం తప్పడం లేదు. పొలంలో పని తగ్గినకొద్దీ ఎడ్ల జతకు మిగిలిన ప్రధాన పరీక్ష బండలాగుడే అయింది. పని కోసం పెంచిన ఎద్దు సరదాకు బండ లాగడం పాత రోజుల మాట. బండ కోసమే పెంచే ఎద్దు నేటి మాట. ఉడికించిన ఉలవలు, పత్తిగింజలు, తవుడు, జొన్నచొప్ప దాని మేత. దానికి దుక్కి చేయించేది కూడా చాలావరకు కండ కోసమే.

అర్హత: పళ్ల లెక్క

ఏ జత ఏ విభాగంలో దిగాలన్నది పళ్లు తేలుస్తాయి. పశువుకు పై దవడలో ముందుపళ్లు ఉండవు. కింది దవడలోని ఎనిమిదింటినే చూస్తారు. రెండేళ్లు దాటాక నడిమి పాలపళ్లు రాలి మొదటి జత శాశ్వత పళ్లు వస్తాయి. మూడేళ్ల ప్రాంతంలో రెండో జత, నాలుగేళ్ల లోపు మూడో జత, అయిదేళ్లు నిండేలోగా నాలుగో జత వస్తాయి. దీన్ని బట్టే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేశారు. ఆ పైన సేద్యపు విభాగం, జూనియర్లు, సీనియర్లు అని ఉంటాయి. బండ బరువు విభాగంతోపాటు పెరుగుతుంది: దూడల వయసు జతలకు కొన్ని క్వింటాళ్లు, సీనియర్లకు టన్ను దాటి చాలాచోట్ల టన్నున్నర పైన.

జనన ధ్రువపత్రాలు లేని లోకంలో ఇంతకన్నా న్యాయమైన పద్ధతి దొరకదు. పోటీకి ముందు నిర్వాహకులు, పశువైద్యుడు ఉంటే అతనూ నోరు తెరిపించి చూస్తారు. కొత్త పన్ను చిగురు చీల్చిందా, ఇంకా లోపలే ఉందా అన్నచోటే వాదన ఎక్కువ. ఒక పన్ను పొడుచుకొస్తే జత పై విభాగానికి పోవాల్సి వస్తుంది. అక్కడ బండ బరువు వేరు, ఎదుటి జతల వయసు వేరు. ఆరు పళ్ల విభాగంలో వరుసగా గెలిచిన జత పై విభాగానికి వెళ్లిన మొదటి ఏడాది వెనకబడితే దాని సత్తా తగ్గిందని అనుకోకూడదు. కొలబద్ద మారింది. ఒక జత బాగోగులు చెప్పేవారు ఏ విభాగంలో, ఎంత బండతో, ఎన్ని నిమిషాల్లో అన్నది చెప్పకుండా అడుగుల లెక్క ఒక్కటే చెబితే ఆ మాటకు విలువ లేదు.

పశువును కళ్లతో అంచనా వేసే సంప్రదాయం దీనికి సమాంతరంగా సాగింది. ఒంటి మీద సుడులు ఎక్కడున్నాయి, ఏ సుడి మంచిది, ఏది చెడ్డది అన్న నమ్మకం కొనుగోళ్లలో నేటికీ పనిచేస్తుంది. గిట్టలు, గూడు, నడక, కొమ్ముల పొందిక చూసే అనుభవజ్ఞుల మాట అంతకన్నా నమ్మదగినది. జతలో రెండింటి ఎత్తూ అడుగుల పొడవూ కలవాలి. దాపలది ఒక అంగుళం ముందు పడితే కాడి వంకర పోతుంది, వలపలది లాగే బలంలో కొంత వృథా అవుతుంది. విడివిడిగా గొప్పవైన రెండు గిత్తలు జతగా మామూలువిగా తేలడం ఈ కారణం వల్లనే.

బరి, కొలత

బరి సాధారణంగా కొన్ని వందల అడుగుల పొడవున్న చదును నేల. చివరిదాకా లాగిన జతను తిప్పి మళ్లీ వెనక్కి లాగిస్తారు. గడువు చాలాచోట్ల పది నుంచి ఇరవై నిమిషాలు. నిర్వాహకులు ముందే ప్రకటిస్తారు. మలుపు దగ్గరా గడియారం ఆగదు. గడువు ముగిసిన క్షణాన బండ ఎక్కడుందో గుర్తు పెట్టి, పూర్తయిన రౌండ్లకు ఆ మిగులు దూరం కలుపుతారు. మొదటి రెండు స్థానాల మధ్య తేడా ఒక్కోసారి అంగుళాల్లో ఉంటుంది. గెలుపును చప్పట్లకు వదలకుండా టేపుకు అప్పగించడం ఈ పోటీ పెద్ద గౌరవం.

అయినా ఆ అంగుళాల వెనక అన్నీ సమానం కావు. నిలిచి ఉన్న బండను కదిలించడానికి కావాల్సిన బలం, కదిలాక లాగుతూ ఉండడానికి కావాల్సిన దానికన్నా ఎక్కువ. అందుకే ఆగిన ప్రతిసారీ జత మూల్యం చెల్లిస్తుంది. నేల పొడిగా ఉందా, నీరు చల్లారా, ముందు జతలు లాగిన బండ దారిని నునుపు చేసిందా గుల్ల చేసిందా అన్నవి కూడా దూరాన్ని మారుస్తాయి. చీటీ తీసి వరుస నిర్ణయించడం వల్ల మోసం ఉండదు గానీ అదృష్టం ఉంటుంది. మిట్టమధ్యాహ్నం లాగిన జతకూ, దీపాల వెలుగులో చల్లని వేళ లాగిన జతకూ ఒకే పట్టికలో స్థానాలు పడతాయి.

తోలేవాళ్లు

పత్రికల్లో వచ్చే ఫలితాల్లో గిత్తల యజమాని పేరు, ఊరు, లాగిన దూరం ఉంటాయి. కాడి పక్కన పరుగెత్తినవారి పేర్లు అరుదు. ఈ పోటీల చరిత్రలో పెద్ద లోటు ఇదే. తోలేవాళ్లే జతను వరుసలో పెడతారు, అదిలిస్తారు, బండ ఆగబోతోందని ముందే పసిగట్టి ఊపు తగ్గకుండా చూస్తారు, మలుపులో గొలుసు సడలకుండా గిత్తలను తిప్పుతారు. మొదటి రెండు మూడు నిమిషాల్లో జతను విపరీతంగా తోలి దూరం మింగేయాలనుకున్నవాడికి చివర్లో నిలబడిపోయిన గిత్తలే మిగులుతాయి. ఊపిరి దాచి తోలినవాడు చివరి రౌండులో అడుగులు కూడబెడతాడు. బండకు వచ్చిన దూరంలో గిత్తల వాటా ఎంత, తోలకం వాటా ఎంత అని విడదీయడం కష్టం. ఒకే జత వేర్వేరు చేతుల్లో, ఒకే చేతులు వేర్వేరు జతలతో ఏం చేశాయో ఊరూరా రాసి ఉంచితే తప్ప తెలియదు.

స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులోని బాస్క్ ప్రాంతంలో బండలాగుడు మరో రూపంలో ఉంది. 'ఇది ప్రొబాక్' అనే ఆ పోటీల్లో ఎద్దులు టన్నుల బరువున్న రాతిని రాళ్లు పరిచిన బరిలో అటూ ఇటూ లాగుతాయి. గడువులో ఎన్ని బరులు పూర్తిచేశాయన్నదే లెక్క. అమెరికాలో గుర్రాల బరువులాగుడు నుంచి ట్రాక్టర్ల బరువులాగుడు పుట్టింది. 1929లో మిస్సోరి, ఒహాయో రాష్ట్రాల్లో తొలి పోటీలు జరిగాయి.

లాగినదాని వాటా, తోలినవారి వాటా విడదీసే చిక్కు మోటారు పందేల వారికి కొంత తేలిక. ఒకే జట్టు ఇద్దరు డ్రైవర్లకు ఒకే రకం కారు ఇస్తుంది కాబట్టి ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన 'ఫార్ములా ఈ' విద్యుత్ కార్ల పందెంలో అర్హత పరీక్షకు డ్రైవర్లను రెండు గుంపులు చేశారు. ఒక్కో గుంపు నుంచి నలుగురు ముఖాముఖి పోటీలకు వెళ్లారు. జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్ అగ్రస్థానం సాధించాడు. తీరా పందెంలో అతని జట్టు సహచరుడు శామ్ బర్డ్ కారే అతని కారును ఢీకొనడంతో ఇద్దరి ఆశలూ అక్కడే ముగిశాయి. రెండో స్థానం నుంచి మొదలుపెట్టిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అర్హతలో వచ్చిన స్థానం వేరు, చివరి ఫలితం వేరు అని ఆ పట్టికలు రెండింటినీ విడిగా దాచిపెడతాయి. బండలాగుడులో పళ్ల పరీక్ష వేగాన్ని కొలవదు, వయసునే కొలుస్తుంది. ఒకే యజమాని రెండు జతలు దించినప్పుడు మాత్రం కాస్త పోలిక దొరుకుతుంది. మేత ఒకటి, కొట్టం ఒకటి, తోలేవాళ్లు వేరు.

చట్టం

జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. 1965లో వెలువడిన నియమాలు బరువు లాగే పశువులకు మోత హద్దులు పెట్టాయి, ములుకులున్న కోలను నిషేధించాయి. 37 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా పనిలో పెట్టకూడదన్నాయి. 2011 జులైలో కేంద్రం ప్రదర్శనకు పనికిరాని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ పినాకి చంద్ర ఘోష్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిలిపివేసింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ సవరణ చట్టాలు తెచ్చుకోగా, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం వాటిని సమర్థించింది. కోల వాడకం మీద నిర్వాహకులు కట్టుదిట్టంగా ఉన్న బరులు చూడటానికీ బాగుంటాయి. కొట్టి లాగించిన దూరం గిత్త గొప్పతనం చెప్పదు.

జాతి సంరక్షణ

గుంటూరు పక్కన లాం ఫారంలోని పశు పరిశోధన స్థానం, ప్రకాశం జిల్లా చదలవాడ పశుక్షేత్రం, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను కేంద్రం ఒంగోలు జాతి అభివృద్ధికి పనిచేస్తున్నాయి. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడలకు 'వీర' అనే ఒంగోలు గిత్త చిహ్నంగా నిలిచింది. ట్రాక్టర్లు దున్నే పల్లెల్లో మగదూడను అమ్మేయకుండా కట్టి మేపే ఇళ్లు ఉన్నాయంటే, పందెపు జతకు పలికే ధర అందులో ఒక పెద్ద కారణం. పాలపళ్ల విభాగంలో బాగా లాగిన దూడల కోసం కొనేవాళ్లు బరి దగ్గరికే వస్తారు.