ధాత కరువు ఎవరి పాపము?



వాన వెనుకబడి బోర్లు ఎండిన ఏడు మన పల్లెల్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "ఏ పాపం చేశామో, దేవుడు శిక్షిస్తున్నాడు." మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమలో ఇది పాత మాటే. దీనిని వాక్యము పక్కనా, మన పెద్దలు దాటి వచ్చిన చరిత్ర పక్కనా పెట్టి చూద్దాం.

1876లో వానలు మొహం చాటేశాయి. ఆ తెలుగు సంవత్సరం పేరున జనం దానిని ధాత కరువు అన్నారు. 1878 దాకా అది వదలలేదు. అప్పుడు మన తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. 1871, 1881 జనాభా లెక్కలు పోల్చి చూస్తే కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. పోయినవారు మిగిలినవారి కంటే ఎక్కువ పాపులా?

ద్వితీయోపదేశకాండము 28లో ఆకాశము ఇత్తడిలా మారుతుందనే హెచ్చరిక ఉంది. దానిని మనం కొట్టివేయము. అయితే అది నిబంధన చేసుకున్న ఇశ్రాయేలు జనమంతటితో పలికినది. 2 సమూయేలు 21లో కరువుకు కారణం దేవుడే చెప్పాడు. ఆయన వేలు చూపింది గిబియోనీయుల రక్తం ఒలికించిన రాజు ఇంటివైపు, ఆకలితో ఉన్న కూలివాని వైపు కాదు. ఆదికాండము 41లో ఏడేండ్ల కరువు వస్తుందని తెలిపినప్పుడు ఎవరి పాపమో ఆయన చెప్పనే లేదు. యోసేపు ధాన్యం నిలువ చేయించాడు. అపొస్తలుల కార్యములు 11లో కరువు రాబోతుందని విన్న అంతియొకయ సంఘం యూదయలోని సహోదరులకు సహాయం పంపింది. లూకా 13లో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది ఇతరులకంటె అపరాధులు కారని ప్రభువే చెప్పి, వింటున్నవారిని మారుమనస్సు పొందమన్నాడు. వాక్యము మన హృదయాన్ని పరీక్షించడానికి ఇచ్చినది, పొరుగువాని మీద తీర్పు రాయడానికి కాదు.

ఇక చరిత్ర. వాన ఆగడం మనుష్యుల చేతిలో లేదు. కానీ ఆ కరువులోనే దేశం నుండి ధాన్యం ఓడలకెక్కింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని మగవాని కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే అర కిలో కూడా లేదు. దానితో కష్టం చేసేవాడు బ్రతకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5 చెబుతుంది. మనిషి తగ్గించిన కూలిని దేవుని కోపమని పిలిస్తే, తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు, దేవుని పేరు చెడుతుంది.

ఒంగోలులో ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా పని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. బాప్తిస్మం కోరి వచ్చినవారిని మాత్రం ఆయన ఏడాదికి పైగా ఆపాడు. అన్నం కోసం విశ్వాసం అమ్ముకున్నారనే నింద పేదల మీద పడకూడదని. సహాయ పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి, మన కంభం చెరువు గుండా సాగిపోయే గుండ్లకమ్మే అది.

"చూశారా, వారిని రప్పించడానికే దేవుడు కరువు పంపాడు" అనేవారు ఉన్నారు. కీడును దేవుడు మేలుకు మార్చాడని యోసేపు అన్న మాట నిజమే. కానీ ఆ మాట అన్నది బాధ పడినవాడు. తన బాధ గురించి, ఏండ్లు గడిచాక, అన్నలను క్షమిస్తూ అన్నాడు. కడుపు నిండినవాడు ఆకలిగొన్న ఇంటి ముందు నిలబడి అనే మాట కాదది. యోబు స్నేహితులు దేవుని పక్షాన వాదించామనుకున్నారు. తన గురించి వారు యుక్తమైనది పలకలేదని చివరికి దేవుడే వారిపై కోపించాడు.

ప్రియులారా, కరువు ఏటిలో దేవుడు ఎలాంటివాడని ఎవరైనా అడిగితే, సిలువవైపు చూపుదాం. ఆయన ఆకలిగొన్నాడు, దప్పిగొన్నాడు, నిరపరాధియై శ్రమపడ్డాడు. ఈ ఏడు పొరుగువాని బోరు ఎండితే, పాపం లెక్కపెట్టకముందే ఒక బిందె నీళ్లు, పశువులకు ఒక మోపు గడ్డి ఇద్దాం. అప్పుడు చేసే మన ప్రార్థనకు బలముంటుంది. ఆమేన్.