అరకిలో లేని తుపాకీ, అయిదు కిలోలు దాటే ట్రిగ్గర్

ఆగస్టు నెల, ఫోర్ట్ వర్త్. ఎండకి ఒంటిమీద పల్చటి చొక్కాయే బరువుగా ఉంది. నడుముకు పెద్ద పిస్తోలు కడితే ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మీ కుడి జేబులో స్మిత్ అండ్ వెసన్ 642 ఉంది. అయిదు తూటాల చిన్న రివాల్వర్. హామర్ లోపలే ఉంటుంది కనుక తీసేటప్పుడు గుడ్డకు తగులుకోదు. ట్రిగ్గర్‌ను కప్పే తొడుగులో పెట్టారు. ఆ జేబులో తాళంచెవి కాదు కదా, చిల్లర కూడా వేయరు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండినవాళ్లు చాలామంది లైసెన్సు లేకుండానే ఇలా తిరగొచ్చు. అయినా మీ కళ్లు బోర్డులు వెతుకుతూనే ఉంటాయి. బారు గుమ్మంలో ఎర్రటి 51% కనిపించగానే వెనక్కి తిరుగుతారు. రాబడిలో సగానికి మించి అక్కడ తాగే మద్యానిదే అన్నమాట. జేబులో తుపాకీతో గడప దాటితే నేరం.

రాత్రి, వంటింటి బల్ల. తూటాలు అయిదూ తీసి, లెక్కపెట్టి, పక్కగదిలో పెట్టి వస్తారు. సిలిండర్‌లో వేలు పెట్టి తడిమి మళ్లీ చూస్తారు. ఇటుక గోడవైపు గురిపెట్టి నొక్కుతారు. తుపాకీ బరువు 400 గ్రాముల పైచిలుకు. ట్రిగ్గరేమో అయిదు కిలోలు దాటి అడుగుతుంది! వేలు లాగేది ట్రిగ్గర్‌నే, కదిలేది మాత్రం తుపాకీ. సిలిండర్ తిప్పడం, హామర్‌ను వెనక్కి లాగి వదలడం, అన్నీ ఆ ఒక్క లాగుడులోనే జరగాలి. మధ్యలో ఎక్కడో ఇసుక పడ్డట్టు గరగర.

ఆ గరగర సంగతి చూద్దామని మూడు స్క్రూలు విప్పుతారు. పక్క పలకను పెకలించరు. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్రేమును తడితే అదే లేస్తుంది. ట్రిగ్గర్‌ను మళ్లీ ముందుకు నెట్టే చిన్న ఉక్కు దిమ్మ ఉంది చూడండి, గరగర చాలావరకు దానిదే. బయటికి తీస్తుంటే దాని స్ప్రింగ్ ఎగిరి స్టవ్ కిందకి దూరుతుంది. వెతికి తెచ్చి, దిమ్మ పక్కల్ని నూనె వేసిన సన్నటి సానరాయి మీద నెమ్మదిగా రుద్దుతారు. ఫ్రేముకు రాయి తగలనివ్వరు, అది అల్యూమినియం. హామర్, ట్రిగ్గర్ ఒకదాన్నొకటి పట్టుకునే అంచుల జోలికి అసలే పోరు.

హామర్‌ను ముందుకు నెట్టే స్ప్రింగ్ మార్చి మెత్తటిది వేస్తే వేలికి సుఖమే. కానీ హామర్ దెబ్బ బలహీనమై తూటా పేలకపోవచ్చు. ప్రాణం కోసం మోసే తుపాకీకి, నా లెక్కలో, అది చచ్చు బేరం. మీరు పాత స్ప్రింగులతోనే బిగిస్తారు.

శనివారం, షూటింగ్ రేంజి. ఏడు గజాల దూరంలో కాగితం. ట్రిగ్గర్ బరువు తగ్గలేదు, గరగర మాత్రం పోయింది. అయిదూ పేలాయి. తూటాల ఖాళీ తొడుగుల అడుగున సొట్టలు లోతుగానే పడ్డాయి. కాగితం మీద చిల్లులు ఇంకా చెదిరే ఉన్నాయి. అరచెయ్యి అప్పుడే మండుతోంది, పెట్టెలో ఇంకా 45 మిగిలాయి.