విన్నవాళ్ళదే కథ

రాక్ సంగీతం అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు. డ్రమ్ముల మోత, కరెంటు గిటార్ల రొద, జులపాల జుట్టు - అంతే కదా అనుకుంటాం. కానీ అందులో ప్రోగ్రెసివ్ రాక్ అని ఒక శాఖ ఉంది. వాళ్ళకు మూడు నిమిషాల ప్రేమపాట చాలదు. కథ కావాలి. అందులో రాజ్యాలుండాలి, రాక్షసులుండాలి. పాట పావుగంట దాటినా వినేవాడు కదలకూడదు! ఇవన్నీ వింటుంటే మీకేం గుర్తుకొస్తోంది? నాకైతే చిత్తూరు సీమ భారతమే.

ముందు ఆ ఇంగ్లీషువాళ్ళ సంగతి చెబుతాను. టోల్కీన్ అనే ఆచార్యుడు జీవితమంతా తన సొంత పురాణం ఒకటి అల్లుతూ, అది పూర్తికాకుండానే 1973లో పోయాడు. కొడుకు క్రిస్టఫర్ ఆ కాగితాలన్నీ ఏరి కూర్చి 1977లో 'సిల్మరిలియన్' అనే పుస్తకంగా తెచ్చాడు. రెండేళ్ళకే ఏల్స్‌బరీ అనే ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు ఆ పేరు పెట్టుకుని బృందం కట్టారు. తరవాత ముందక్షరాలు కత్తిరించి 'మరిలియన్' అయ్యారు. 1982లో వచ్చిన వాళ్ళ తొలి రికార్డులో 'గ్రెండెల్' అని 17 నిమిషాల పైచిలుకు పాట ఉంది. గ్రెండెల్ పాత ఇంగ్లీషు కావ్యంలో వీరుడి చేతిలో చచ్చే రాక్షసుడు. జాన్ గార్డ్‌నర్ అనే అమెరికా రచయిత 1971లో ఆ కథనే రాక్షసుడి నోట చెప్పించాడు. పాట ఆ నవల్లోంచి పుట్టింది.

మనకిదేం వింత కాదు లెండి. సిల్మరిలియన్ వచ్చిన 1977లోనే మన ఎన్టీ రామారావుగారు 'దానవీరశూర కర్ణ' తీసి, దుర్యోధనుడికీ ఒక మనసుందని జనం చేత చప్పట్లు కొట్టించారు.

పాశ్చాత్య సంగీతం మదనపల్లెకు కొత్తా కాదు. 1919లో రవీంద్రుడు అక్కడి థియోసాఫికల్ కాలేజీలో బసచేసి 'జనగణమన'ను ఇంగ్లీషు చేసినప్పుడు, దాని బాణీకి స్వరాలు రాసి పెట్టింది ప్రిన్సిపాలుగారి భార్య మార్గరెట్ కజిన్స్. ఐర్లండు ఆడపడుచు, సంగీతంలో పట్టం పుచ్చుకున్న మనిషి, ఆడవాళ్ళ ఓటుకోసం పోరాడిన మనిషి కూడా.

ఆ మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళున్నాయి. చాలాచోట్ల వేసవిలో అక్కడ భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకటీ రెండూ కాదు, కొన్ని ఊళ్ళల్లో 18 రోజులు! మద్దెల, తాళాలు, హార్మోనియం. మగవాడే ద్రౌపది కట్టి తెల్లవార్లూ పాడతాడు. కుప్పం వైపు తెలుగూ తమిళమూ కన్నడమూ పక్కపక్కన కాపురం చేస్తాయి కనుక ఈ ఆటకు తమిళుల తెరుక్కూత్తుతో చుట్టరికం ఉంది. చివరికి మట్టితో చేసిన నిలువెత్తు దుర్యోధనుణ్ణి నేలమీద పడుకోబెట్టి, భీముడు వేషగాడు తొడ విరగ్గొడితేగానీ కథ తీరదు.

ఖర్చు ఎవరిది? ఊరిది. ఇంటింటా చందా వేసుకుంటారు. ఈ పద్ధతి మరిలియన్‌వాళ్ళకు ఆలస్యంగా తెలిసొచ్చింది. 1997లో అమెరికా వచ్చి పాడేందుకు డబ్బు లేదంటే, అభిమానులే సుమారు 60 వేల డాలర్లు పోగుచేశారు. 2001 నాటి రికార్డును, తయారుకాకముందే 12 వేల మందికి పైగా సొమ్ము కట్టి కొన్నారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. పల్లెలో చందా పుస్తకం పట్టుకు తిరిగే పెద్దమనిషి మాత్రం, 'ఇందులో ఏముందమ్మా?' అంటాడు.

నా మనసు మాత్రం అర్జున తపస్సు రోజు దగ్గరే ఆగిపోతుంది. వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఆకాశమంత ఎత్తు మాను ఎక్కుతాడు. కింద, పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో నేలమీద పడుకుంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మపండో విభూతో తమ మీద పడితే కడుపు పండుతుందని ఆశ. చదువుకున్నవాళ్ళం మనం నవ్వచ్చు. నాకు నవ్వు రాదు. లోపం ఎవరిదైనా తడిబట్ట మాత్రం ఆవిడదే అన్నదే నా బాధ. పక్కన మొగుడు కూడా పడుకుంటే ఎంత బాగుండును!

కానీ ఇంకొకటి కూడా చూడండి. కథలో అర్జునుడు తపస్సు చేసింది పాశుపతాస్త్రం కోసం, యుద్ధం కోసం. ఆవిడకు యుద్ధంతో పనిలేదు. ఒడిలో బిడ్డ కావాలి. వ్యాసుడి కథలోంచి తనకు కావలసింది తనే తీసుకుంది. ఏల్స్‌బరీ కుర్రాళ్ళు టోల్కీన్ పుస్తకంలోంచి ఒక్క పేరు తీసుకున్నట్టే. కథ రాసినవాడిదీ కాదు, పాడినవాడిదీ కాదేమో. రాత్రంతా మేలుకుని విన్నవాళ్ళది.

అందుకే, మీ అబ్బాయి గిటారు పట్టుకుని గది తలుపు వేసుకుంటే వెంటనే కోప్పడకండి. లోపల ఏ కథ నడుస్తోందో ఒకసారి అడిగి చూడండి.